సవతి బండిలో వెనక పడక

వీధంతా అతన్ని నిదానం అనే పిలిచేవారు. పిల్లలకి నిదానం మావయ్య, పెద్దవాళ్ళకి ఒట్టి నిదానం. బండి నడిపే తీరుని బట్టి వచ్చిన పేరు అది. అతను కారు తీశాడంటే తీసినట్టు తెలిసేది కాదు, ఆపాడంటే ఆగినట్టు తెలిసేది కాదు. బ్రేకు మీద కాలు వేసేవాడు కాదు, ఆనించేవాడు. సరిగ్గా ఆగబోయే ముందు ఆ కాలుని ఒక్క పిసరు వదిలేవాడు. దాంతో ఎంత బరువైన బండైనా ముందుకి తూలకుండా, అలిసిపోయిన మనిషి కుర్చీలో కూలబడినట్టు మెల్లగా నిలిచిపోయేది.

"మా ఆయన పక్కన కూర్చుంటే ఊరు దాటామో లేదో కిటికీలోంచి చూస్తే గానీ తెలీదు" అని అతని భార్య మెచ్చుకునేది. వెంటనే "ఊరు దాటేసరికి తెల్లారుతుంది, అది వేరే సంగతి" అని అంటించేది.

ఆమె దర్జీ పని చేసేది. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, మిషను ముందు కిటికీ, కిటికీకి అడ్డంగా ఎప్పుడూ ఆ కారు. వెలుతురంతా అదే మింగేస్తోందని ఆమె దానికి సవతి అని పేరు పెట్టింది. పొద్దున్నే లేచి మొగుడు తన మొహం చూడకముందే దాని మొహం తుడుస్తాడట. తనకి జ్వరం వస్తే మాత్ర ఇచ్చి ఊరుకుంటాడట, దానికి చిన్న చప్పుడు వస్తే మాత్రం కిందకి దూరి గంటలకొద్దీ బుజ్జగిస్తాడట. ఆ పేరు వీధిలో అందరికీ పాకిపోయింది. "మీ సవతి టైరులో గాలి తగ్గిందమ్మా" అని పాలవాడు కూడా చెప్పి వెళ్ళేవాడు.

సవతి మామూలు కారు కాదు. స్టేషన్ వ్యాగన్. అంటే వెనక డిక్కీ ఉండాల్సిన చోట పైకప్పు అలాగే తోకదాకా సాగిపోయే పొడవాటి బండి. నిదానం దాని దగ్గరికి చేరేనాటికి అతనికి మీసం కూడా సరిగ్గా రాలేదు. అప్పుడది అద్దాల షావుకారుది. షావుకారు అమ్మేవి గోడకి కొట్టుకునే చిన్నాచితకా అద్దాలు కావు. పెద్ద ఇళ్ళ హాళ్ళలో, హోటళ్ళ మెట్ల మలుపుల్లో పెట్టే నిలువెత్తు అద్దాలు, చెక్కిన చట్రాలతో సహా. లారీలో వేస్తే అవి పగులుతాయి. వ్యానులో వేస్తే పగలకపోయినా, గొప్పవాళ్ళ గుమ్మం ముందు డొక్కు వ్యాను ఆగడం షావుకారుకి నామోషీ. అందుకని ఏరికోరి ఈ బండి తెప్పించుకున్నాడు. ముందు నుంచి చూస్తే పెళ్ళికొడుకు దిగే కారులా ఉంటుంది, వెనక తలుపు ఎత్తితే చిన్న గది.

ఆ బండి తయారుచేసినవాళ్ళు ఎవరో గానీ, తొందరంటే ఏంటో తెలియని మనుషులు. ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. వాటిలో పిస్టన్లు ఒక జత పైకి పోతుంటే ఇంకో జత కిందకి వచ్చి, ఒకదాని వణుకు ఇంకొకటి మింగేస్తుంది. అందుకే స్టార్టు చేస్తే శబ్దం కంటే ముందు ఒక నిశ్చింత వినబడుతుంది. తలుపు వేస్తే డబ్బా మూత పడినట్టు ఉండదు, బరువైన పుస్తకం మూసినట్టు ఉంటుంది. తాళం తిప్పగానే "ఉస్" అని గాలి పీల్చుకుని అన్ని తలుపుల గొళ్ళేలూ ఒకదాని వెనక ఒకటి పడతాయి. "అదిగో, నన్ను చూసి నిట్టూరుస్తోంది" అనేది దర్జీ కిటికీలోంచి. వెనక తలుపుని గట్టిగా కొట్టాల్సిన పని లేదు. ఊరికే ఆనిస్తే చాలు, మిగిలిన అంగుళం అదే లోపలికి లాక్కుంటుంది.

స్టీరింగు సంగతే వేరు. చక్రం పెద్దది, మధ్యలో కాస్త ఖాళీ. కొత్తవాళ్ళు ఎక్కితే దాంతో కుస్తీ పట్టేవాళ్ళు. చెయ్యి తిప్పాక అది ఒక్క క్షణం ఆలోచించుకుని, అప్పుడు మూతి తిప్పుతుంది. ఆ క్షణం దానికి ఇవ్వాలి. ఇస్తే ఎంత మలుపైనా ఒకే గీతలో, మధ్యలో దిద్దుకోవాల్సిన పని లేకుండా గీసేస్తుంది. తారు రోడ్డు మీద వేగం అందుకున్నాక నేలకి కాస్త ఒదిగి, ఇంకా నిమ్మళిస్తుంది. చాలా బండ్లు వేగం పెరిగితే భయపడతాయి, ఇదేమో వేగం పెరిగితే కుదుటపడుతుంది.

ఇంత చెప్పినా నిదానం గర్వమంతా దాని తోకలోనే ఉండేది. మామూలు బండిలో వెనక బరువు పెడితే తోక కుంగి, ముక్కు ఆకాశంలోకి లేస్తుంది. ఇది అలా కాదు. వెనక చక్రాల దగ్గర స్ప్రింగులతో పాటు రెండు ఇనప గుండ్లుంటాయి. ఒక్కో గుండులో మధ్యన రబ్బరు పొర, పొరకి ఒక పక్క గ్యాసు, ఇంకో పక్క ఆయిలు. ఇంజను దగ్గర ఒక పంపు. బరువు పడి తోక కుంగగానే చిన్న వాల్వు తెరుచుకుని పంపు ఆయిలు తోస్తుంది, తోక మళ్ళీ మామూలు ఎత్తుకి లేస్తుంది. రోడ్డు మీద గుంట వస్తే ఆ దెబ్బని గ్యాసు బూరలా ముడుచుకుని మింగుతుంది. వీధి పిల్లల్ని నలుగురైదుగురిని వెనక ఎక్కించి, ఇంజను తిప్పి, తోక మెల్లగా పైకి లేస్తుంటే "లేచిందా లేదా? చెప్పండి, లేచిందా లేదా?" అని చప్పట్లు కొట్టించుకునేవాడు.

"వాళ్ళెక్కితే లేచింది సరే, నేనెక్కితే లేస్తుందా?" అనేది దర్జీ. ఆమె మంచి పుష్టిగా ఉండేది ఆ రోజుల్లో.

"నువ్వెక్కితే పంపు మార్చాలే."

షావుకారు దగ్గర ఉన్నంతకాలం నిదానం చేతి కింద ఒక్క అద్దం పగల్లేదు. దింపి, దుప్పటి తీసి, చట్రం నాలుగు మూలలూ తడిమి చూసి, "పగల్లేదు" అనేవాడు. ప్రయాణం బాగా జరిగిందా లేదా అనడానికి అతనికి తెలిసిన కొలత అదొక్కటే. షావుకారు పోయాక కొట్టు మూసేశారు. ఆయన భార్య నిదానాన్ని పిలిచి తాళం చెవి చేతిలో పెట్టింది. "మా పిల్లలకి ఇది వద్దట, పాతబడిపోయిందట. నీ మాట తప్ప ఎవరి మాటా వినదు కదా, నువ్వే ఉంచుకో" అంది. అతను ఆ రోజు ఇంటికి వచ్చిన దారి ఎప్పుడూ వచ్చేదే. అయినా కళ్ళలో నీళ్ళు అడ్డం పడి రెండు సార్లు పక్కకి ఆపుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత దాన్ని పెళ్ళిళ్ళకీ, ఫొటోలకీ తిప్పుతూ కాలం గడిపాడు. దర్జీ మిషను ఆగకుండా తిరుగుతూ ఉండేది. ఇద్దరికీ పిల్లల్లేరు. ఆ లోటు ఒకరి ముందు ఒకరు ఎత్తకుండా, ఆ చోటునంతా వేళాకోళంతో నింపేసుకున్నారు.

ఆమెకి నడుము నొప్పి అని మొదలైంది. మిషను మీద వంగి వంగి కుట్టడం వల్ల అనుకున్నారు. పట్టీలు వేశారు, కాపడం పెట్టారు, కుర్చీ మార్చారు. తీరా పెద్దాసుపత్రిలో ఫొటోలు తీస్తే జబ్బు ఎప్పుడో ఇంకెక్కడో పుట్టి, చప్పుడు చెయ్యకుండా వెన్నులోకి పాకిందని తేలింది. కరెంటు, అంటే రేడియేషను, పెట్టాలన్నారు. వారానికి చాలాసార్లు రావాలి, వచ్చినంతసేపూ పడుకునే ఉండాలి. "వెన్నుపూసలు సుద్దముక్కల్లా ఉన్నాయి. కుదుపు తగలనివ్వకండి" అని డాక్టరమ్మ నిదానంతో మరీ మరీ చెప్పింది. నయమవుతుందా అంటే, "నొప్పి తగ్గుతుంది, కొన్నాళ్ళు మనిషి నిలబడుతుంది" అంది. ఆ రెండో మాటని అతను గట్టిగా పట్టుకున్నాడు.

మొదటిసారి అంబులెన్సులో తీసుకెళ్ళారు. వీధి చివర గతుకు దగ్గరే ఆమె పెట్టిన కేక నిదానం చెవుల్లోంచి పోలేదు. ఇంటికొచ్చాక, "ఇంక ఆ డబ్బా ఎక్కించను. మన బండి ఉండగా ఆ ఖర్మేంటి మనకి" అన్నాడు.

వెనక సీట్లు మడిచేస్తే సవతిలో నేల చదునైపోతుంది. దాని మీద రెండు పరుపులు వేశాడు. పైన వెయ్యడానికి ఒక బొంత కావాలని ఆమె మంచం మీద పడుకునే, మిగిలిన గుడ్డముక్కలన్నీ తెప్పించుకుని, చేత్తోనే కుట్టింది. "నా ఒంటి కొలతలకి నేను కుట్టుకుంటున్న మొదటి బొంత" అంది. ఆమె తమ్ముడూ మొగుడూ కలిసి దుప్పటిలో ఎత్తి వెనక తలుపులోంచి ఆమెని లోపలికి జరిపారు. తల వెనక తలుపు వైపు, కాళ్ళు ముందుకి. ఇంజను తిప్పగానే తోక లేచింది.

"లేచిందే! నువ్వెక్కినా లేచింది!" అన్నాడు నిదానం.

"ఇప్పుడు నాలో బరువెక్కడుందయ్యా" అంది ఆమె.

ఆ రోజు అతను నడిపినట్టు ఇంకెవరూ నడపలేరు. గుంట కనబడితే అల్లంత దూరం నుంచే వేగం రాల్చుకుంటూ వచ్చి, చక్రాల్ని ఒకదాని తర్వాత ఒకటి దింపి ఎక్కించాడు. రైలు గేటు దగ్గర పట్టాల మీదుగా నత్తలా పాకాడు. తన సీటులో తనకి ఏమీ తెలియలేదు, నిజంగానే పడవ మీద ఉన్నట్టుంది. ఆసుపత్రి ముందు ఆపి, పరుగున వెళ్ళి వెనక తలుపు ఎత్తాడు.

"ఎలా ఉందే?"

ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అతని మొహంలోకి చూసింది. "బాగుంది" అంది.

"నొప్పేమైనా?"

"లేదులే. పల్లకీలో వచ్చినట్టుంది. సవతి మంచిదేనయ్యా."

అతను ఆ మాటని ఊరంతా మోసుకు తిరిగాడు. టీ కొట్టులో చెప్పాడు, పాలవాడికి చెప్పాడు, డాక్టరమ్మకి కూడా చెప్పాడు. రోగాన్ని తను ఏం చెయ్యలేడు. మందు తను కనిపెట్టలేడు. కానీ దారి తన చేతిలో ఉంది. ఆ దారి పొడవునా ఆమెకి నొప్పి లేకుండా చూసే మొగాడు ఈ ఊళ్ళో తనొక్కడే అనే నమ్మకం అతన్ని నిలబెట్టింది. ప్రతిసారీ తలుపు ఎత్తి అదే ప్రశ్న. ప్రతిసారీ అదే జవాబు. అద్దం దింపి మూలలు తడిమినట్టే, ఆమె మొహం చూసి, మాట విని, తృప్తిగా స్ట్రెచరు పిలిచేవాడు.

కొన్ని వారాలు అలా గడిచాక ఆమె వాయిదాలు వెయ్యడం మొదలుపెట్టింది. "ఇవాళ వద్దులే, రేపెళ్దాం" అనేది. తర్వాత రేపు కూడా వద్దంది. ఒక పొద్దున అతను బొంత దులిపి, పరుపు సర్ది లోపలికి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఇంక రానయ్యా. చాలు."

"చాలంటే? సగంలో మానేస్తే ఎలాగే? డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"ఆవిడ చెప్పింది నేనూ విన్నాను."

"నా కోసం రావే."

"నీ కోసమే కదా ఇన్నాళ్ళూ వచ్చింది" అంది గోడతో.

బతుకు మీద ఆశ వదిలేసిందని అతనికి అర్థమైంది. అలా అనుకున్నాడు. బతిమాలాడు, కోప్పడ్డాడు, ఒకసారి గొంతు కూడా పెంచాడు, నిదానం గొంతు పెంచడం పక్కింటివాళ్ళు ఎప్పుడూ వినలేదు. ఆమె కదల్లేదు. దిక్కుతోచక బావమరిదికి కబురు పెట్టాడు. అక్క మాట ఎవరైనా తిప్పగలిగితే వాడొక్కడే.

బావమరిది లారీ డ్రైవరు. నోరూ పెద్దదే, చెయ్యీ పెద్దదే. లోపలికి వస్తూనే, "ఏం బావా, పెళ్ళాం ఒక పక్క, సవతి ఒక పక్క, నిన్ను పిండేసి ఆరేసినట్టున్నారే" అన్నాడు. అక్క మంచం పక్కన చాలాసేపు కూర్చుని బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఆ నోరు మూసుకుపోయి ఉంది.

"ఏమంది?" అన్నాడు నిదానం.

"ఏమీ అనలేదు. నడుము కింద తలగడ సర్దబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. ముట్టుకుంటేనే అలా ఉంటే, అంత దూరం ఎలా వస్తోంది బావా?"

"బండిలో ఏం తెలీదురా. పల్లకీ అని ఆవిడే అంది."

బావమరిది కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనకకి వెళ్ళి రెండు చేతులూ తోక మీద ఆనించి, తన లారీ ఒళ్ళంతా పెట్టి నొక్కాడు. బండి కదల్లేదు. మళ్ళీ నొక్కాడు.

"ఇదేంటి, రాయిలా ఉంది?"

"అది లెవెలు పట్టుకుంటుందిరా, మామూలు బండి కాదు. నువ్వు ఎక్కు, ఇంజను తిప్పుతాను, ఎలా లేస్తుందో చూద్దువుగాని."

"లేవడం కాదు బావా. కుంగుతుందా?"

నిదానం తనూ ఒకసారి తోక మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు.

"నువ్వెప్పుడైనా ఈ పరుపు మీద పడుకుని వెళ్ళావా?"

"నేను పడుకుంటే బండి ఎవడు నడుపుతాడు, నీ తాత?"

"నేను నడుపుతాను. ఎక్కు."

ఇన్నేళ్ళలో ఆ బండిలో డ్రైవరు సీటు తప్ప ఇంకో చోట కూర్చున్న గుర్తు నిదానానికి లేదు. సిగ్గుపడుతూనే ఎక్కాడు. ఆమె పడుకునే చోటే, ఆమె పడుకునేలాగే, తల వెనక్కి పెట్టి పడుకున్నాడు. కింద సరిగ్గా వెనక ఇరుసు. బావమరిది తలుపు ఆనించాడు, అది మిగిలిన అంగుళం లాక్కుంది. పైకప్పు గుడ్డ మొహానికి దగ్గరగా ఉంది. ఇంజను నిశ్చింతగా మొదలైంది, ఎక్కడో చాలా దూరంలో.

వీధి చివర గతుకు వచ్చింది. ముందు చక్రాలు దిగినప్పుడు ఏమీ తెలియలేదు. వెనక చక్రాలు దిగాయి. పరుపులు రెండూ దాటి, బొంత దాటి, ఆ దెబ్బ నేరుగా నడుము మధ్యలో దిగింది. జబ్బు లేని నడుము అది. అయినా అతని నోట్లోంచి "హబ్బా" అని వచ్చింది. లేచి కూర్చోబోయాడు, ఇంతలో ఇంకోటి. బావమరిది జాగ్రత్తగానే నడుపుతున్నాడు, మరీ అంత మొరటువాడేం కాదు. అయినా రోడ్డు మీద రాయి రాయీ అతని వెన్నులో లెక్క చెబుతోంది.

"ఆపరా!" అన్నాడు. బండి ఆగలేదు. "ఒరేయ్, ఆపు!" అని గట్టిగా అరిచాడు.

ముందు నుంచి జవాబు లేదు. లోపలంతా మందపాటి ఉన్ని తివాచీ, మందపాటి సీట్లు, మధ్యలో అంత పొడవు. అంత చప్పుడు లేని బండి ఊళ్ళో ఇంకోటి లేదని షావుకారు చెప్పుకుని మురిసేవాడు. వెనక మనిషి అరుపు ముందు మనిషికి చేరదని షావుకారు గానీ నిదానం గానీ ఎప్పుడూ అనుకోలేదు. అద్దాలు అరవవు.

రైలు గేటు దగ్గర పట్టాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పట్టుకోడానికి ఏమీ లేదు. చేతికి దొరికిన బొంత అంచుని గుప్పిట్లోకి లాక్కున్నాడు. మొహం దగ్గరికి వచ్చిన ఆ అంచు చూశాడు. ఆమె కుట్టు ఎప్పుడూ గీత గీసినట్టుంటుంది. ఇక్కడ మాత్రం అంచు పొడవునా దారాలు తెగి, గుడ్డ నలిగి, చిరుగులు పడి ఉంది. ముందు ఏంటో అర్థం కాలేదు. పంటిగాట్లు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ఒకచోట ఉతికినా పోని గోధుమరంగు మరక.

గేటు అవతలి వంతెన దాటాక బావమరిది బండి ఆపి, వచ్చి తలుపు ఎత్తాడు. "ఏమైనా అన్నావా బావా? ఏదో వినబడినట్టుంది."

నిదానం లేవలేదు. బొంత మొహం మీదకి లాక్కుని, దాని కింద నుంచి, "ఇంటికి పోనీ" అన్నాడు. ముందుకి వచ్చి కూర్చోమంటే కూర్చోలేదు. వచ్చిన దారి మొత్తం మళ్ళీ అలాగే వెనక పడుకునే వచ్చాడు.

తెలిసీ తెలియని మెకానిక్కుల దగ్గరికి కాదు, ఆ బండ్ల మీదే జీవితం గడిపిన ముసలి మేస్త్రీ దగ్గరికి బావమరిది తీసుకెళ్ళాడు. మేస్త్రీ తోక నొక్కి చూసి, కింద దూరి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "గుండ్లలో గ్యాసు పోయింది. పంపు బాగుంది, వాల్వు బాగుంది, అందుకే లేస్తోంది. లేస్తోంది కదా అని నువ్వూ అనుకున్నావు, నేనైనా అలాగే అనుకుంటాను. ఆయిలు ముడుచుకోదు కదా బాబూ, గ్యాసే ముడుచుకోవాలి. డ్రైవరు సీటు రెండు ఇరుసుల మధ్యన ఉంటుంది, అక్కడికి దెబ్బ సగం కూడా రాదు. వెనక మాత్రం చక్రం మీద కూర్చున్నట్టే." కొత్త గుండ్లు ఊళ్ళో లేవు. పై దేశం నుంచి రావాలి. ఎప్పుడొస్తాయంటే మేస్త్రీ పెదవి విరిచాడు. చివరికి అవి వచ్చేనాటికి ఆమె లేదు.

మేస్త్రీ దగ్గర నుంచి వచ్చిన సాయంత్రం నిదానం ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, బొంత అంచు చేతిలో పెట్టుకుని దారాలు సరిచేస్తూ ఉండిపోయాడు. ఆమె చూసింది.

"ఎక్కావా?" అంది.

"ఎక్కాను."

అతను తెగిన దారం ఒకటి వేలికి చుట్టుకుని, మళ్ళీ విప్పాడు.

"ఎందుకే చెప్పలేదు? ఒక్కసారి, ఒక్కసారైనా నొప్పని అనొచ్చు కదా. నేనేమైనా పరాయివాడినా?"

"పరాయివాడివైతే మొదటి రోజే తిట్టిపోసేదాన్ని." ఊపిరి తీసుకోడానికి ఆగింది. "తలుపు ఎత్తినప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు కదయ్యా. పరీక్షలో పాసయ్యానా అని అడిగే పిల్లాడిలా ఉండేది. నాకేమో ఒళ్ళంతా ఎలాగూ పోయింది. నీకు మిగిలింది అదొక్కటి. అది కూడా తప్పని నా నోటితో ఎలా చెప్పమంటావు?"

"అందుకని గుడ్డ కొరుక్కుంటూ వస్తావా?"

"మంచి గుడ్డే అది. నా పళ్ళకి ఆగింది."

నవ్వబోయింది గానీ నవ్వు నడుము దాకా వెళ్ళి మధ్యలో ఆగిపోయింది. నిదానం ఆమె చేతిలో మొహం పెట్టుకున్నాడు. "బాగుంది" అని ఆమె అన్న రోజులన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. వాన పడ్డ రోజు. గేటు పడి ఆలస్యమైన రోజు. తను హుషారుగా ఈల వేసుకుంటూ నడిపిన రోజు.

మర్నాడు పొద్దున్నే బావా బావమరుదులిద్దరూ కలిసి సవతిలో ముందు ఎడమ సీటు బోల్టులు ఊడదీశారు. దాని వెనక సీటు మడిచేసి, ఆ పొడవునా ఒక బల్ల వేసి పరుపులు పరిచారు. ఇప్పుడు మనిషి పడుకుంటే కాళ్ళు ముందు అద్దం కింద దాకా వస్తాయి, నడుము రెండు ఇరుసులకీ సరిగ్గా మధ్యన ఉంటుంది, తల డ్రైవరు భుజం వెనక పడుతుంది. నిదానం ముందు తనే పడుకున్నాడు. బావమరిది గేటు దాకా తిప్పుకొచ్చాడు. దెబ్బలు పోలేదు, బాగా తగ్గాయి. తగ్గాయని నమ్మడానికి అతనికి ఇప్పుడు ధైర్యం చాల్లేదు. ఇంకోసారి తిప్పమన్నాడు.

"ఒక్కసారి రావే" అన్నాడు ఆమెతో. "ఒకే ఒక్క షరతు. బాగుంది అనే మాట ఈ బండిలో వినబడకూడదు."

"మరి ఏమనాలి?"

"నొప్పైతే నొప్పనాలి. ఆపమంటే ఆపుతాను. పోనిమ్మంటే పోనిస్తాను."

"డ్రైవరు నువ్వా నేనా?"

"నువ్వే."

పక్క తలుపులోంచి ఎక్కించారు. బావమరిది ఆమె తల వెనక ఇరుక్కుని కూర్చున్నాడు. తల దగ్గరగా ఉండటంతో ఆమె ఊపిరి నిదానానికి వినబడుతోంది. వీధి చివర గతుకు ముందే ఆ ఊపిరి ఆగింది. అప్పుడు అర్థమైంది అతనికి, ఆమెకి ఆ దారి ఎంత కంఠతా వచ్చిందో. గతుకు దిగాడు.

"నొప్పి" అంది.

ఆపాడు. ఆ మాట కోసమే అడిగాడు, అయినా అది చెవిలో పడగానే స్టీరింగుని రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక ఎవరో హారను కొట్టారు. "పోనీ" అంది ఆమె. పోనిచ్చాడు. గేటు దగ్గర మూడుసార్లు ఆగారు, పట్టా పట్టాకీ ఒకసారి. "నొప్పి", "ఆగు", "పోనీ". ఒకసారి మాత్రం "ఇది పరవాలేదు" అని, వెంటనే, "నిజంగానే. అబద్ధం కాదు" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కొత్త ఫొటోలు వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. కరెంటు ఇంక అక్కర్లేదంది. నిదానం మొహం వెలగబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది. "నొప్పికి మందు రాసిస్తాను. ఇంటి దగ్గరే ఉంచండి. మళ్ళీ ఇంత దూరం తిప్పకండి" అంది. మానేసిన రోజుల వల్లా అని అతను అడిగాడు. కాదంది ఆవిడ. అతను ఆ కాదుని నమ్మాడో లేదో ఎవరికీ చెప్పలేదు.

ఆమెకి విషయం ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. బండి ఎక్కిస్తుంటే, "ఇంక ఈ దారి లేదు కదూ" అంది.

"లేదు."

"హమ్మయ్య."

వంతెన మీదకి వచ్చారు. మధ్యాహ్నం ఎండ ముందు అద్దంలోంచి ఆమె పాదాల మీద పడుతోంది. వంతెన మధ్యలో ఇనప అతుకు ఉంది. అతను దాన్ని చూశాడు, వేగం రాల్చాడు, చక్రాల్ని దూదిలా దించాడు. తన చేతనైనదంతా చేశాడు.

"ఆగు" అంది. "నొప్పి. చాలా నొప్పిగా ఉందయ్యా."

అతను అక్కడే, వంతెన మధ్యలోనే, ఇంజను ఆపేశాడు. వెనక బండ్లు వరస కట్టి హారన్లు మోగించాయి. బావమరిది వెనక పక్క తలుపులోంచి కిందకి దిగి, తన లారీ గొంతు ఎత్తి, "మనిషి ఉంది లోపల! పక్క నుంచి పోండయ్యా!" అని అందరినీ చేత్తో మళ్ళిస్తూ నిలబడ్డాడు.

లోపల ఆ చప్పుళ్ళేవీ పెద్దగా రావడం లేదు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. చెంపల మీద నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. బొంత అంచు చేతిలో ఉంది గానీ నోటి దాకా తీసుకెళ్ళలేదు. ఆ బండిలో మొదటిసారి అతని ముందు అరిచి ఏడ్చింది. అతను ఎడమ చెయ్యి వెనక్కి పెట్టాడు. గోళ్ళు దిగేలా పట్టుకుంది. అతను చెయ్యి కదపలేదు, ఎలా ఉందని అడగలేదు.

చాలాసేపటికి పట్టు కాస్త వదులైంది.

"పోనివ్వనా?" అన్నాడు.

"ఇంకాసేపు."

"సరే."

ఆమె "పోనీ" అనేదాకా అతను తాళం చెవి మీద చెయ్యి వెయ్యలేదు.